గోడకు బయట పడిన నీ సమాధి

ఏమయ్యా,

నీకు చేరదని తెలిసే ఈ జాబు చెబుతున్నాను, నా మాటలను బడి పంతులమ్మ రాస్తోంది. నువ్వు పోయి నేటికి ఏడాది. మన చర్చి సంఘం సమాధుల దొడ్డికి బండలతో గోడ కడుతున్నారు. నిన్న సంఘపెద్ద యాకోబు గోడ వరుసకు తాడు లాగించాడు. నీ సమాధి తాడుకు బయట పడింది. కల్లు తాగుతావని నీకు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా నిన్ను ప్రభువు బల్లకు దూరం పెట్టారు కదా, ఆ శిక్ష తీరకుండానే పోయావు, అందుకట.

నేను పోయి ఆ తాడు మీద కూర్చున్నాను.

"లెయ్యమ్మా. తాగుబోతును లోపల పెడితే పిల్లోళ్లకు ఏం బుద్ధి చెప్తాం?" అన్నాడు యాకోబు.

"లోపల పండుకున్నోళ్లకు ఈ రాతినేలలో గుంతలు తవ్వింది ఎవరప్పా? కలరాతో పోయిన మీ నాయన్ను మోసేదానికి నువ్వే రాకపోతివి. మా ఆయప్పే మోసినాడు. ఆ పొద్దు కల్లు వాసన రాలేదా?"

తల వంచుకున్నాడు గానీ తాడు తీయించలేదు.

"సరే, కట్టుకోండి. నేను పోయినాక నన్నూ బయటే, ఆయప్ప పక్కన పెట్టండి" అన్నాను.

"బల్లకు వచ్చే మనిషిని బయటెట్ల పెడతామమ్మా?"

"అది మీరే తేల్చుకోండి."

చివరికి పాస్టరయ్య వచ్చి, పెద్దలంతా మాట్లాడుకునేదాకా ఆ వైపు గోడ ఆపమన్నారు. మోకాళ్లు పట్టేసి నేను లేవలేకపోతే యాకోబే చెయ్యిచ్చి లేపాడు.

నువ్వు సంబరపడకు. నీ తాగుడును నేనింకా మన్నించలేదు. ఆ తగాదా సంఘానిది కాదు, మనిద్దరిది. పక్కపక్కన పడుకుంటే తప్ప అది తేలదు.