బసప్ప చెయ్యి, ఎర్రిస్వామి బీపీ

కంబదూరు

బసప్పా, బాగుండావా?

జవాబు రాసేది లేటయింది, ఏమనుకోవద్దప్పా. బోండాల బాణలి దించితే గదా ఫోన్ పట్టుకునేది. టకటకా కొడతాండా, తప్పులుంటే సర్దుకో.

నా కొంప ముంచితివి గదప్పా! ముప్పై దాటినోళ్ళందరికీ బీపీ చూస్తామని ఆ కొత్త నర్సమ్మ కృపాకుమారి అంగటికొచ్చిన పొద్దు, నాకు భయమై, "గొర్రెల యాపారం చేసి తిరిగే ఒళ్ళు నీది, నా బదులు నువ్వు కూచో" అని నిన్ను గల్లాకాడ కూచోబెట్టి నేను లోపల దాక్కుంటి గదా. రెండు తూర్లు చూసినా నూటాతొంభై అంట! డాక్టరు రాసిన మాత్రలు తెచ్చి నా పెండ్లాం చౌడమ్మ చేతికిచ్చిపోయినాది. ఇంట్లో ఉప్పు బంద్, ఊరగాయ బంద్. అదేం చెయ్యప్పా నీది?

నీ ఎర్రిస్వామి

తా.క. నా బోండా నేనే తినకూడదంట. అంగట్లో చౌడమ్మ కాపలా.

కుందుర్పి

ఎర్రిస్వామన్నకు నమస్కారం.

ఏమన్నా, నా మీద పడతావు? కొండెక్కి దిగేటోన్ని, నాకు బీపీనా? నీ పేరు చెప్పి, నీ కుర్చీలో కూచుంటిని. వచ్చిన బీపీ నీదే. మర్యాదగా మాత్రలు మింగు.

ఇట్లు, గట్టి గుండె బసప్ప

తా.క. పొద్దున లేస్తే తల పగిలిపోతాండాది. అది ఎండకులే.

కంబదూరు

ఒరే గట్టి గుండోడా,

మింగితినప్పా! చౌడమ్మ ఎదురుగా నిలబడి మింగిస్తాంటే ఏం జేద్దు? నిన్న కండ్లు తిరిగి బోండాల్లోకి తరిగే ఎర్రగడ్డల మూటల మీద పడితిని. ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకపోయినారు. కృపాకుమారి చూసి నోరెళ్ళబెట్టె. "తొంభయ్యే ఉండాది! ఆ పొద్దు చూసిన చెయ్యి ఇది కాదే, దాని మీద పొట్టేలు కొమ్ము గీరిన మచ్చ ఉండె!"

అంతా కక్కితిని. తిడతాదనుకుంటే ఆయమ్మ మొగం తెల్లబోయె. "ఆ మనిషి యాడుండాడు? గుండె పట్టుకొని పడినంక అనంతపురం పెద్దాసుపత్రికి మోసుకపోయేదానికంటే ముందే పట్టుకోవల్లనే మేము అంగడంగడికీ తిరిగేది. ఇన్నాళ్ళూ మందు లేకుండా ఉండాడా?" అన్నాది. నీ తలనొప్పి సంగతి చెప్తే వెంటనే మీ కుందుర్పి నర్సమ్మకు ఫోన్ చేసె. ఆ బీపీ నీది. నీ మందు నేను తింటి, నా ఉప్పు నువ్వు తింటివి.

ఆ నర్సమ్మ నీ ఇంటికి బయలుదేరినాది. పరిగెత్తొద్దు, నీ బదులు ఎవర్నీ కూచోబెట్టొద్దు.

నీ ఎర్రిస్వామి

తా.క. నాకు బీపీ లేదని చెప్పినా చౌడమ్మ ఉప్పు డబ్బా ఇయ్యలేదు. "అలవాటైపోయింది గదా, అట్లే ఉండు" అంటాది. నీకూ చప్పిడి కూడే, తోడుగా తిందాం. నర్సమ్మకు చెయ్యి చూపించి, మాత్ర మింగి, ఎప్పుడొస్తావో చెప్పు.