టీవీలో ఉన్నది పోయినేడాది నేను

అక్కా,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. టీవీలో నన్ను చూసి అమ్మ మురిసిపోయిందని రాశావు. అది పోయినేడాది ఆట. ఈ ఏడు పోటీలన్నీ రద్దయ్యాయి, ఛానెల్ వాళ్లు పాతవే వేస్తున్నారు. మధ్యలో ప్రకటనలు మాత్రం కొత్తవి. ఆ పాత ఆటల్లో కెమెరా వెనక వైరు పట్టుకుని నేను టీవీలో రోజూ పరిగెడుతూనే ఉన్నాను కదా, కూలి ఇవ్వండని కాంట్రాక్టరుని అడిగాను. "నాకే దిక్కు లేదు, నీకేమివ్వనురా?" అన్నాడు. పని లేకపోయినా పొద్దున్నే మైదానం గేటుదాకా వెళ్లొస్తున్నాను, కాళ్లు ఊరుకోవు.

బావ పనిచేసే షెడ్డులో మనిషి కావాలేమో త్వరగా కనుక్కో. పాపకి దగ్గు తగ్గిందా? అయినా నీకు అనుమానమే రాలేదా? టీవీలో నేను వేసుకున్న ఆ నీలం చొక్కా ఎప్పుడో చింపి మసిగుడ్డ చేసింది నువ్వే కదా!

బావకి నమస్కారాలు, పాపకి ముద్దులు. అమ్మకి మాత్రం చెప్పకు. టీవీ చూసినంతసేపైనా నేను పనిలో ఉన్నాననుకోనీ.

నీ తమ్ముడు