ముక్కుతో పలికే ధైవతం

అమీర్‌పేట,
బుధవారం మధ్యాహ్నం

అన్నయ్యకు మణి నమస్కారాలు. అమ్మకూ వదినకూ దండాలు, చంటిదానికి ముద్దులు. నా ఒంటికేం ఢోకా లేదు, మీ అందరి ఒళ్ళూ అలాగే ఉండాలని కోరుకుంటున్నాను. అమ్మ దగ్గు తగ్గిందా? వదిన కాఫీ మానేస్తానని ఒట్టు పెట్టుకుందన్నావు, ఆ ఒట్టు ఇంకా బతికే ఉందా? అప్పారావు బాబాయికి కూడా నా దండాలు చెప్పు. మేళంలో నీ పక్కన డోలు పట్టుకుని ఆయన కూర్చోకపోతే నీ సన్నాయికి కాళ్ళు చేతులు ఆడవని నేనన్నానని చెప్పు, సంతోషిస్తాడు.

ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే వాన. హాస్టలు మెట్ల దగ్గర మోకాలి లోతు నీళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు దాటుతున్నాం. అయినా కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్ళు మాత్రం గొడుగులేసుకుని మరీ నిలబడుతున్నారు. నా జావా కోర్సు నడుస్తోంది. ఒక్క ప్రోగ్రాం రాస్తే పది తప్పులు చూపిస్తుంది. నాన్న కన్నా నయం, చెవి మెలిపెట్టదు. తిండి సంగతి అమ్మ అడుగుతుంది కాబట్టి చెబుతున్నాను, బాగానే తింటున్నాను. ఏం కూరని అడిగితే వంటామె "కూరే" అంటుంది, మేము కూడా కూరే అనుకుని తినేస్తాం. ఈ ఉత్తరం తెస్తున్న శ్రీదేవి నా గది పిల్ల, వాళ్ళది తణుకు, వరలక్ష్మీ వ్రతానికి ఇంటికి వస్తోంది. గురువారం పొద్దున్నే బస్సు దిగి ముందు మనింటికే వస్తానంది. తను తిరిగి వచ్చేటప్పుడు కాస్త కందిపొడి పంపమని వదినకి చెప్పు.

ఇంతవరకూ అందరికీ చదివి వినిపించు. ఇక్కణ్ణుంచి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అరుగు మీదికెళ్ళి నువ్వొక్కడివే చదువు. అమ్మ అడిగితే మిగతాదంతా సామాన్ల జాబితా అను.

అన్నయ్యా, గురువారం రాత్రి నువ్వు బస్సెక్కకు.

నీకు కోపం వస్తుందని తెలుసు. రమ్మన్నదీ నేనే, వద్దంటున్నదీ నేనే. మందుల షాపు వాళ్ళింటికి ఫోన్ చేసి, నిన్ను పిలిపించి, "నీ సన్నాయి హైదరాబాదులో రికార్డు చేస్తారట" అని అరిచి చెప్పింది నేనే. ఆ ఫోను దగ్గర వీధంతా చెవి పెడుతుంది కాబట్టి ఈ మాట ఫోన్లో చెప్పలేకపోయాను. నువ్వు గుడి కమిటీకి సెలవు చెప్పి, శుక్రవారం పెళ్ళి మేళం కూడా వదులుకున్నావని వదిన ఉత్తరంలో చదివాక నాకు అన్నం సహించడం లేదు. మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో తిట్టుకోకుండా చదువు.

పంజాగుట్టలో కేబుల్ ఛానెల్ వాళ్ళకి ఆదివారం కార్యక్రమం చేస్తున్నానని రాశాను కదా. వాయిద్యాలు వాయించి బతికేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ సాధన గురించీ బతుకు గురించీ ముచ్చటించడం నా పని. స్వరాలు తెలిసిన అమ్మాయి కావాలన్నారు, నాకు అవే తెలుసు. ఇప్పటిదాకా ఆరుగురితో మాట్లాడాను. ఒక వయొలిన్ మాష్టారు సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలకి ట్యూషన్ చెబుతారు. "కచేరీ చేసి ఎన్నాళ్ళయింది మాష్టారూ?" అంటే, "పిల్లలు నా ముందు అపస్వరం వాయిస్తున్నంతసేపూ నాకు లోపల కచేరీ జరుగుతూనే ఉంటుందమ్మా" అన్నారు. కెమెరా పట్టుకున్నవాడు నవ్వాడు. ఆయన నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు.

ఈ కార్యక్రమం చేయించేది చక్రధర్ గారు, రికార్డయ్యేదీ ఆయన స్టూడియోలోనే. జిరాక్సు షాపు మీద రెండు గదులు, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి, బయటి చప్పుడు లోపలికి రాకుండా. ఆయన కీబోర్డు వాయిస్తారు. మంచివారే అన్నయ్యా, అబద్ధం చెప్పను. నేను పస్తున్నానని మొహం చూసి కనిపెట్టి ఇడ్లీ తెప్పించిన రోజులున్నాయి. మన ఇంటి వాద్యం సన్నాయి అని తెలిసినప్పటి నుంచీ ఆయన నా మీద ఇంకా ఆదరం చూపించారు. నాన్న పోయాక ఆయన సన్నాయి, దిగులేసినప్పుడు ముట్టుకుంటానని నేను తెచ్చుకున్నాను కదా, అది ఒకసారి తీసుకురమ్మన్నారు.

మూడు వారాల కిందటి మాట ఇది. తీసుకెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, "పాట వద్దమ్మా. ఒక్కో స్వరం విడిగా పట్టు. ఊపకుండా తిన్నగా, ఊపిరి ఉన్నంతసేపు" అన్నారు. నాకేం అనుమానం వస్తుంది? తెల్లవారకముందే మనిద్దరినీ లేపి, నాన్న సాధకం చేయించింది ఇలాగే కదా! మాయామాళవగౌళలో స, రి, గ, మ, ఒక్కోటీ ఊపిరి ఆగేదాకా. నువ్వు గడప అవతల కునికేవాడివి, నేను నిన్ను గిల్లేదాన్ని. ఆ గదిలో కూర్చుంటే అదంతా గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి. పెళ్ళి కావలసిన పిల్లకి సన్నాయి ఎందుకని మానిపించాక మళ్ళీ ఒకళ్ళు నన్ను ఊదమన్నారు, నాకు అదే చాలనిపించింది. ఏడు స్వరాలూ ఊదాను. చక్రధర్ గారు బాగుందన్నారు. "నీకు ఊపిరి చాలడం లేదు. మీ అన్నయ్య వస్తే ఇంకా బాగుంటుంది" అన్నారు. పొంగిపోయి నీకు ఫోన్ చేశాను.

మొన్న ఆదివారం బోరబండ వెళ్ళాను, యాదగిరి గారనే సన్నాయి విద్వాంసుడితో మాట్లాడటానికి. ఒకటే గది, మూలన ఉట్టికి సన్నాయి సంచి వేలాడుతోంది. ఇప్పుడాయన అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. నేను అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను, మీరు మర్చిపోలేని కచేరీ ఏదని.

"నేను ఊదనిదే బిడ్డా" అన్నాడు.

అర్థం కాలేదన్నాను.

"మా సడ్డకుని బిడ్డ పెండ్లికి చుట్టం లెక్క పోయిన. అక్షింతలు పట్టుకొని కూసున్న. సన్నాయి వినొస్తున్నది. చూస్తే మేళం లేదు. ఒకాయన పెట్టె ముంగట కూసొని రెండు వేళ్లతోని ఒత్తుతుండు. నా సన్నాయి పీక జర చీలి ఉండె, పంచమం కాడ సన్నగ బుస కొడ్తది. గా సంగతి నాకొక్కనికే ఎర్క. గా బుస వినొచ్చింది. చేతుల అక్షింతలు చేతులనే ఉన్నయి."

"మీరేమన్నారు మరి?"

"ఏమంట? మంచిగనే ఊదుతుండు అన్న, పక్కోనితోని."

ఎప్పుడో ఒక స్టూడియోలో ఆయన చేత కూడా ఒక్కో స్వరం ఊదించారట. "నేను మైకు సూసుకుంటుండ్రు అనుకున్న. అంత అయినంక, ఇగ పాట ఎప్పుడు ఊదాలె సార్ అని అడిగిన. అయిపోయింది, పో అన్నరు" అని చెప్పి నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. ఆ తర్వాత పిలుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయట. పెట్టె ఉన్నాక మేళం ఎందుకు? "నా డోలు జత మల్లేశు సుత ఇప్పుడు ఆటో నడుపుతుండు" అన్నాడు.

మా అన్నయ్య కూడా సన్నాయి విద్వాంసుడేనని, శుక్రవారం రికార్డింగుకి వస్తున్నాడని నోరు జారాను.

"ఏం పాటకు?" అన్నాడాయన.

పాట పేరు నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"పాట లేకుంటే రావద్దని చెప్పు బిడ్డా" అన్నాడు.

సోమవారం పొద్దున్నే చక్రధర్ గారి దగ్గరికి వెళ్ళాను. షేర్ ఆటోలో కూర్చున్నంతసేపూ, ఆయన కాదంటే బాగుండు, ఇదంతా నా పిచ్చి ఊహ అయితే బాగుండు అని మొక్కుకున్నాను. అడగ్గానే ఆయన దాచలేదు. కీబోర్డు దగ్గరికి తీసుకెళ్ళి ఒక మెట్టు నొక్కారు. గదంతా నాన్న సన్నాయి పలికింది. ఆయన వేలు తీస్తే ఆగింది, పెడితే పలికింది.

"చెరిపేయండి సార్" అన్నాను.

"ఏంటమ్మా చెరిపేది? ఫ్లాపీల్లో నలుగురికి ఇచ్చేశాను. వాళ్ళు ఎంతమందికి ఇచ్చారో నాకేం తెలుసు?"

"నన్నడక్కుండా ఎలా ఇస్తారు?"

"ఊదమన్నాను, ఊదావు. ఇంకేం అడగాలి?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "చూడు అమ్మాయ్, పదిహేనేళ్ళు నాటకాలకి హార్మోనియం వాయించాను. నాటకాలు పోయాయి, హార్మోనియం పోయింది. ఎవరైనా వచ్చి నన్ను ఓదార్చారా? ఈ పెట్టె నేర్చుకున్నాను కాబట్టి ఇవాళ అన్నం తింటున్నాను. రేపు నన్ను తీసేసే పెట్టె కూడా వస్తుంది, నాకు తెలీదా?" అన్నారు.

ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు కోపం ఇంకా పెరిగింది.

నేనిచ్చింది ఏడు స్వరాలే. మిగతావి వాటినుంచే సాగదీసుకుంటున్నారట, అలా సాగదీస్తే తిరునాళ్ళలో పిల్లల బూరలా వస్తోందట. అందుకే నువ్వు కావాలి. పన్నెండు స్వరాలూ, మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి. నీ ఊపిరి దాంట్లోకి వెళ్ళిందంటే ఏ రాగమైనా ఎవరి వేలికైనా పలుకుతుంది. శుక్రవారం నువ్వు రాకపోతే ఆదివారం నుంచి కార్యక్రమానికి వేరే అమ్మాయిని చూసుకుంటానని కూడా చెప్పారు. చూసుకోమన్నాను. ఆ మాట అనేసి మెట్లు దిగి వచ్చేశాను. నా పని పోయిందని అమ్మకి చెప్పకు. ఏదో ఒకటి దొరుకుతుంది, ఈ ఊళ్ళో దొరకనిది లేదంటారు.

అసలు సంగతి ఇంకా రాయలేదు.

ఇవాళ పొద్దున క్లాసుకి వెళుతుంటే హాస్టలు వెనక వీధిలో ఫంక్షన్ హాలు. శ్రావణం కదా, పెళ్ళి జరుగుతోంది. ముహూర్తం అయినట్టుంది, సన్నాయి ఉధృతంగా వినిపిస్తోంది. ముందు పట్టించుకోలేదు. నాలుగడుగులు వేశాక ధైవతం పడింది. అన్నయ్యా, ముక్కుతో పలికింది. నాన్న సన్నాయి చిన్నప్పుడు నా చేతిలోంచే జారి పడి చీలింది, నాన్న లక్క పెట్టి అతికించాడు, అప్పటి నుంచీ దాని ధైవతం అలాగే పలుకుతుంది. నువ్వు దాన్ని జలుబు ధైవతం అని నన్ను ఏడిపించేవాడివి. లోపలికి తొంగి చూశాను. వేదిక పక్కన మేళగాళ్ళు కూర్చునే చోట కుర్చీలు లేవు, ఒక కీబోర్డు ఉంది. పెళ్ళికూతురు తలవంచుకుని ఉంది, అందరూ అక్షింతలు వేస్తున్నారు. నేను వానలో నిలబడ్డాను. ఆటోవాడు పక్కన ఆపి, "పంజాగుట్ట, పంజాగుట్ట! ఎక్కుతవా అక్కా?" అని రెండుసార్లు అడిగి వెళ్ళిపోయాడు. క్లాసుకి వెళ్ళలేదు. గదికొచ్చి ఇది రాస్తున్నాను.

యాదగిరి గారికి తెలియక జరిగింది. నాకూ తెలియకే జరిగింది. కానీ ఆయన తన ఊపిరి ఇచ్చుకున్నాడు, నేను నాన్నది ఇచ్చేశాను. క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తే నాకు ఇంకా సిగ్గేస్తుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటే. ఈ ఉత్తరం చదవగానే శుక్రవారం పెళ్ళివాళ్ళింటికి వెళ్ళి, మేళానికి వస్తానని చెప్పు. బతిమాలాల్సి వచ్చినా సరే బతిమాలు. నువ్వు లేకపోతే మన పక్క ఊరి కుర్రాళ్ళ పార్టీని పిలుస్తారు, వాళ్ళ దగ్గర కీబోర్డు ఉంది. నలుగురికిచ్చిన ఫ్లాపీ అక్కడిదాకా రావడానికి ఎంతసేపు? బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళు.

శ్రీదేవి చేతికి నాన్న సన్నాయి కూడా ఇచ్చి పంపుతున్నాను. పాత చీరలో చుట్టాను, పీక విడిగా డబ్బాలో ఉంది. నా దగ్గర వద్దు. ఎవరైనా ఆదరంగా అడిగితే నేను మళ్ళీ ఊదేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

శుక్రవారం తెల్లవారుజామున సాధకానికి దాన్నే పట్టుకో. ధైవతం ఒకటికి రెండుసార్లు ఊది, ఆ గొంతు బాగా గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా మన ఊళ్ళో పెళ్ళి జరుగుతూ, బాబాయి పిలుపు లేక ఇంట్లో కూర్చున్న రోజున, మైకులోంచి అదే గొంతు వినిపిస్తే, నాన్న గుర్తొచ్చాడని కళ్ళు తుడుచుకోకు. ఊదుతున్నది మణి అని బాబాయికి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను.

అమ్మ, వదిన, బాబాయి పాదాలకు ఇక్కణ్ణుంచే మొక్కుతున్నాను. ఇవాళ నువ్వు తిట్టినా దీవెనే అనుకుంటాను.

నీ చెల్లెలు,
మణి