ఒక్క పేరాలో అత్తమ్మ

అత్తమ్మా,

నా రాత వంకరగా ఉంటే, తప్పులుంటే ఏమనుకోకు. అయిదో తరగతి తర్వాత మళ్లీ పెన్ను పట్టింది నువ్వు పోయాకే.

సిద్దిపేటలో ఆడవాళ్లకు ఇంగ్లీషు క్లాసు పెట్టారు, వెళ్తున్నాను. ఇంట్లో ఒకరి గురించి పేరా రాయమంది మేడం. నేను నీ గురించి రాశాను. నీ పచ్చిపులుసు, మోకాళ్ల నొప్పి, బస్సులో సీటు కోసం నువ్వు వేసే దస్తీ, అన్నీ రాశాను.

మేడం చదివి నవ్వింది. “ఒక పేరాల ఒకటే ముచ్చట ఉండాలమ్మా. అదేందో మొదలే చెప్పు. మిగిలినయన్నీ దాని ఎంబడే నడవాలె.”

ఇంటికొచ్చి నీ కొడుకును అడిగాను, అమ్మ గురించి ఒక్కటే చెప్పాలంటే ఏం చెప్తావని.

“మా అవ్వ ఒక్క ముచ్చటతోని ఎన్నడన్న ఊకున్నదా?” అన్నాడు.

చివరికి మిగతావన్నీ కొట్టేసి దస్తీని ఎంచుకున్నాను. “మా అత్తమ్మ నా కోసం సీటు ఆపేది” అని మొదలుపెట్టాను. కోహెడ బస్సు ఆగకముందే నువ్వు కిటికీలోంచి దస్తీ వేయడం, నన్ను కూర్చోబెట్టి నువ్వు నిలబడటం రాశాను. అప్పుడు చిత్రంగా, కొట్టేసిన మోకాళ్ల నొప్పి మళ్లీ వచ్చి చేరింది. దానికి అక్కడ పని ఉంది. పచ్చిపులుసుకు లేదు, ఎంత బాగా చేసినా.

ఆఖరి వాక్యంతో పేరా ముగిసినట్టు తెలియాలట. చాలాసేపు ఆలోచించి, “ఇప్పుడు దస్తీ నేనే వేస్తున్నాను” అని రాశాను.

ఈ ఉత్తరం నీళ్లపొయ్యిలో వేసేస్తాను, ఎవరన్నా చూస్తే నాకు సిగ్గు. పేరా మాత్రం కాల్చను.

నీ కోడలు