సీటు ఊపి చూసే మనిషి

తమ్ముడు డెల్మర్‌కు,

విమానం కొన్నావని తెలిసి సంతోషించాను. విమాన యజమానుల క్లబ్బులో చేరితే ఏమైనా లాభముందా అని అడిగావు. నేనూ మొదట అది ముసలివాళ్లు పాన్‌కేకులు తింటూ గొప్పలు చెప్పుకునే చోటనే అనుకున్నాను. చాలామట్టుకు అంతే కూడా.

నిరుడు వేసవిలో లూయిస్‌టౌన్ సమావేశానికి నా విమానంలోనే వెళ్లాను. గడ్డి మీద దిగి ఇంకా నడుము చాచుకోకముందే ఓపల్ అనే పెద్దావిడ వచ్చి, అడగకుండానే తలుపు తీసి, నా సీటు పట్టుకుని ఊపింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా కదులుతోందమ్మా?"

"కొన్నప్పటి నుంచీ అంతేనండీ. పాత బండి కదా!"

"మా ఆయనా ఇదే మాట అనేవాడు."

ఇంకోసారి గట్టిగా లాగేసరికి సీటు పట్టాల మీద జారి వెనక్కి పోయింది. దాన్ని పట్టి ఉంచే పిన్ను అరిగిపోయింది. వాళ్లాయన విమానం నేల మీద నుంచి లేస్తుండగా సీటు ఇలాగే జారిందట. చేతిలో ఉన్న స్టీరింగును ఆయన తనతోపాటే వెనక్కి లాగేశాడట. విమానం ముక్కు నిలువునా లేచి, కూలిపోయింది.



"కొత్త పిన్ను వేయించేదాకా ఎగరకు. ఇంటికి నా కారులో దిగబెడతాలే. ముందు ఏదైనా తిను, పో," అంటూ ఆవిడ పక్క విమానం తలుపు తీసింది.

ఆవిడకిప్పుడు విమానం లేదు. అయినా ఏటా సభ్యత్వం కట్టి, వచ్చి, అందరి సీట్లూ ఊపి చూస్తుంది.

క్లబ్బులో చేరు. సమావేశం జూన్‌లో. నీదీ నా రకం విమానమే కనుక అందాకా ఆగకు. ఇది చదవగానే వెళ్లి నీ సీటు ఊపి చూడు.

నీ అక్క