పోశం బండి వెనక ఎత్తు

బావా,

ఈరోజు నీ సంవత్సరీకం. అక్క కబురంపినా భోజనానికి వెళ్లలేదు. బెల్లంపల్లిలో మన రిపేరు షెడ్డు తెరిచి, పోశం బండి వెనక భాగాన్ని ఎత్తు చేశాను.

గనిలో కాలు పోగొట్టుకున్న ఆ మనిషికి మోటారు సైకిలును మూడు చక్రాల బండిగా మార్చి ఇచ్చింది నువ్వే. రైలు గేటు దగ్గర దాని అడుగు భాగం పట్టాలకు తగిలి ఆగిపోతోందని, ప్రతిసారీ జనం తోయాల్సి వస్తోందని అతడు మొరపెట్టుకుంటే, "తోసెటోళ్లకు పుణ్యమొస్తది, నీకేం పాయె?" అని నవ్వావు. నన్నూ చేయి వేయనివ్వలేదు. అతడు గేటు దాటడమే మానుకున్నాడు. బండి తెమ్మని ఏడాదిగా నేను బతిమాలితే, ఈ ఉదయం మరోసారి తోయించుకుని గేటు దాటి షెడ్డుకు వచ్చాడు.

వెనక షాక్ అబ్జార్బర్లు తీసి పొడవైనవి బిగించాను. ఎత్తు పెంచితే మలుపులో ఒరుగుతుందని నువ్వన్నది నిజమే. అందుకే మూడు వేళ్ల మందానికి మించి లేపలేదు. గొలుసు బిగువు, బ్రేకు రాడ్డు మళ్లీ సరిచేశాను. నీ వెల్డింగు ఎక్కడా చెక్కుచెదరలేదు. నీకు చేతకాక చేయలేదని తేలి ఉంటే క్షమించేవాణ్ణి.

సాయంత్రం గేటు దగ్గర బండిని చూడగానే ఇద్దరు అలవాటుగా చేతులు చాపి ఉరికొచ్చారు.

"జరుగుండ్రి తమ్మీ, పుణ్యం ఇంకోకాడ సూసుకోండ్రి!" అని అరిచి, పోశం ఆగకుండా పట్టాలు దాటాడు. ఏ పనీ లేకుండానే మళ్లీ ఇటు దాటి వచ్చాడు.

మేమిద్దరం నీ పేరెత్తలేదు.

ఇట్లు,
అక్క తమ్ముడు