ఎర్రచుక్క గడి

ప్రియమైన మరిదికి,

ఫోన్లో అయితే నాకు ఏడుపు ముందొస్తుంది, మాట తర్వాతొస్తుంది. అత్తయ్య పక్కగదిలోనే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరాను. మీ అన్నయ్య ఓడ మునిగినప్పుడు గల్లంతైనవాళ్ళ వివరాలు ఇంటివాళ్ళను అడిగి రాసుకునే ఆఫీసు. "నీ బాధా అదే కదమ్మా, వచ్చినవాళ్ళతో మెత్తగా మాట్లాడతావు" అని మేనేజరు నన్ను కౌంటర్లో కూర్చోబెట్టాడు. కంప్యూటర్లో వచ్చే ఫారం మీ కంపెనీదేనట. నువ్వు చేసిందైతే మాత్రం నిన్ను నాలుగు తిట్టాలి.

పేరు, వయసు, ఓడలో చేసే పని, అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత "మరణించిన తేదీ" అని ఒక గడి. పక్కన ఎర్రచుక్క. అది నింపకపోతే ఫారం అంగుళం కదలదు.

ఇవాళ ఓడకు రంగులు వేసే ఆయన భార్య వచ్చింది. అలవాటు లేక, తెరమీద ఉన్నది ఉన్నట్టు చదివేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "పోయాడని నీకెవరు చెప్పారమ్మా?" అంది.

నాకెవరు చెప్తారు, మరిదీ?

అత్తయ్య బాగానే ఉంది. "వాడొచ్చాక ఈ కిటికీ రెక్క బాగుచేయించాలి" అంటూ ఉంటుంది. నేనూ వంత పాడుతున్నాను. అసలే ఆవిడ గుండె అంతంతమాత్రం. ఆవిడ ముందు కళ్ళు తడి కాకుండా చూసుకుంటున్నాను. నువ్వు వేళకు తిను. పుల్లలా ఉన్నావని మీ అన్నయ్య ఊరికే అనేవాడు కాదు.

ఇట్లు,
మీ వదిన

*

ప్రియమైన వదినకు,

తిట్టు వదినా, నేనే చేశాను.

నిజానికి ఆ ఫారాన్ని ఎవరూ కూర్చుని గీయలేదు. వివరాలన్నీ దాచుకునే పట్టిక ఒకటి ముందే ఉంటుంది. నేను రాసిన ప్రోగ్రాం ఆ పట్టికను చదువుకుని తనే ఫారం తయారుచేస్తుంది. పట్టికలో ఒక వరుస ఉంటే తెరమీద ఒక గడి. అది తేదీ అయితే పక్కన క్యాలెండరు. ఖాళీగా వదలకూడదని పట్టికలో ఉంటే ఎర్రచుక్క. అంతకుమించి దానికి బుర్ర లేదు. వారాలు పట్టే పని చిటికెలో అయిపోతోందని ఆఫీసులో అందరూ నా భుజం తట్టారు. ఆ పట్టిక ఏనాటిదో. పోయారని తేలినవాళ్ళ కోసం చేసింది. తేలనివాళ్ళ సంగతి దానికి తెలీదు, నాకూ తట్టలేదు.

నీ ఉత్తరం చదివి ఫారం తెరిచాను. సరిచూడాలంటే ఏదో ఒక పేరు కొట్టాలి కదా. వేళ్ళు వాటంతటవే అన్నయ్య పేరు కొట్టాయి. "మీకు ఏమవుతారు" దగ్గర "అన్న" అని ఎంచుకున్నాను. తర్వాతి గడి ఆ తేదీదే. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

ఇప్పుడు ఆ గడి పక్కన "ఇంకా తెలియదు" అని ఒక మీట పెట్టాను. అది నొక్కు, ఫారం కదులుతుంది. పట్టిక ఒప్పుకోవాలి కాబట్టి లోపల ఏదో ఒక దొంగ తేదీ పడుతుంది. అది ఎవరికీ కనిపించదులే.

అమ్మను చూసుకో. అన్నయ్య ఈత సంగతి నీకు తెలుసుగా. మనం ధైర్యంగా ఉండాలి.

నీ మరిది

*

మరిదీ,

ప్రేమగా మొదలుపెట్టే ఓపిక ఇవాళ లేదు.

నీ దొంగ తేదీ కాగితం మీద అచ్చయి వచ్చింది. వివరాలు ఇచ్చినవాళ్ళందరికీ రసీదు ఇమ్మన్నారు, ఇచ్చాం. రంగులాయన భార్య అది పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఈ సంవత్సరం మొదటి రోజునే పోయాడని ఉంది అందులో. "ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడమ్మా. వంటింటి గోడకు రంగు వేశాడు, నా చీర మీద కూడా చిందించాడు" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే కౌంటరు పట్టుకుని కింద కూలబడింది. లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

నువ్వు మంచికే చేశావని తెలుసు. కానీ నాయనా, లేని తేదీ పుట్టించొద్దు. తెలియనిది తెలియదనే ఉండనీ.

వదిన

*

ప్రియమైన వదినకు,

ఆవిడ్ని ఎలా క్షమాపణ అడగాలో నాకు తెలీదు. ఆ మీట తీసేశాను. ఇచ్చిన రసీదులన్నీ వెనక్కి తెప్పించమని మీ మేనేజరుకు రాశాను.

పైపూత పనికిరాదు, పట్టికనే మార్చాలి. దానికి మా పెద్దాఫీసరు సంతకం కావాలి. వెళ్ళి అడిగాను.

"ఒక్క గడి కోసం పట్టిక ముట్టుకుంటామా? దాని మీద ఇంకెన్ని ఫారాలు ఆధారపడ్డాయో తెలుసా?" అన్నాడు.

"ఆ గడి ముందు మా వదిన కూర్చుంటుంది సార్. మా అన్నయ్యదీ నింపాలి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "మీ అన్నయ్య ఆ ఓడలో ఉన్నాడని చెప్పనే లేదేమయ్యా" అని సంతకం పెట్టాడు.

పట్టికలో ఆ తేదీ ఖాళీగా ఉండొచ్చని మార్చి, ఇంకో వరుస చేర్చి, ప్రోగ్రాం మళ్ళీ నడిపాను. అన్ని ఫారాల్లోనూ చుక్క పోయింది. "గల్లంతు" అని విడిగా రాసుకునే గడి కూడా వచ్చింది. ఇక ఎవరినీ ఆ మాట అడగక్కర్లేదు. అన్నయ్యది కూడా ఖాళీగానే ఉంచు వదినా. వాడొస్తాడు.

నీ మరిది

*

ప్రియమైన మరిదికి,

కూర్చుని చదువు.

మొన్న పొద్దున్న కౌంటర్ దగ్గరికి ఒకాయన చేతికర్రతో వచ్చాడు. "జాబితాలో నా పేరు కొట్టెయ్యండమ్మా, నేను బతికే ఉన్నాను" అన్నాడు. ఆ ఓడ వంటమనిషి. ఎవరో జాలర్లు ఒడ్డుకు చేరిస్తే, ఇన్నాళ్ళూ పేరైనా చెప్పుకోలేని స్థితిలో ఎక్కడో ఆసుపత్రిలో ఉన్నాడట. ఆఫీసంతా లేచి నిలబడింది. నేనైతే సంతోషం పట్టలేకపోయాను. ఒకరొస్తే ఇంకొకరూ వస్తారు కదా.

అంతలో ఆయన నా మొహంలోకి చూసి, "మీరు మెకానిక్ గారి భార్య కదూ? ఆయన గదిలో మీ ఫోటో చూసేవాణ్ణి" అన్నాడు. అని తలదించుకున్నాడు. ఆ దించడంతోనే తెలిసిపోయింది నాకు.

ఇద్దరూ ఒకే చెక్క పట్టుకుని ఉన్నారట. ఈయనకు ఈత రాదు. చెక్క ఇద్దరి బరువు మోయడం లేదు. "నీకు రాదు, నాకు వచ్చు. నువ్వు పట్టుకో" అని మీ అన్నయ్య వదిలేశాడట. చాలాసేపు పక్కనే ఈదుతూ ఈయనతో కబుర్లు చెబుతూనే ఉన్నాడట. తెల్లవారాక మాట వినపడక చూస్తే, పక్కన నీళ్ళే.

"నన్ను క్షమించమ్మా" అన్నాడు. ఏమని క్షమించను? మంచినీళ్ళిచ్చి, ఆయన పేరు జాబితాలోంచి తీసేశాను. మీ అన్నయ్య ఫారం మా మేనేజరు పూర్తిచేశాడు. నేను ఎదుటి కుర్చీలో కూర్చుని అడిగినవాటికి జవాబులు చెప్పాను.

ఇంటికెళ్ళి అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలియలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడే లేచి వచ్చి నా భుజాన సంచి తీసుకుంది.

"తెలిసిందా?" అంది.

తలూపాను.

"నాకెప్పుడో ఆశ పోయిందే తల్లీ. నువ్వు రోజూ తలెత్తుకుని పనికి వెళ్ళొస్తున్నావు. నేను ఏడిస్తే నువ్వు కూలిపోతావని ఊరుకున్నాను" అంది.

చూశావా మరిదీ? ఆవిడ కోసమని నేను, నా కోసమని ఆవిడ, మా ఇద్దరి కోసమని నువ్వు. ఆయన పోయి ఇన్నాళ్ళయినా ఈ ఇంట్లో ఆయన కోసం ఎవరమూ నోరారా ఏడవలేదు.

సెలవు దొరికినా దొరక్కపోయినా బయల్దేరి వచ్చెయ్. ధైర్యం తేవద్దు. ఇక్కడ మా దగ్గరా లేదు, అవసరమూ లేదు. ముగ్గురం ఒకచోట కూర్చుని ఏడుద్దాం.

నీకోసం ఎదురుచూస్తూ,
వదిన